ఎడమకాలికి పనిలేని బండి

క్లచ్ కోసం హకీం ఎడమకాలు మళ్లీ కిందికి పోయింది. అక్కడ క్లచ్ లేదు. రబ్బరు చాప మీద మడమ దబ్బున తగిలింది. మెదక్ బస్టాండు దగ్గర ఒకసారి, చర్చి రోడ్డు మలుపులో ఒకసారి, పొద్దుటి నుంచీ ఇదే వరస. వయసంతా డీజిలు జీపు తొక్కిన కాలు అది, ఒక్క పూటలో మాట వింటుందా?

వెనక సీట్లో నిర్మలమ్మ నవ్వు ఆపుకుంటోంది. ఊళ్లో విత్తనాల కొట్టు ఆమెది. భర్త పోయాక తానే నిలబెట్టుకుంది. పల్లెలు తిరిగి పంటలు చూడనిదే ఆమెకు తోచదు. జీపు ఆమెది, నడిపేది హకీం. ఆమెకు మోకాలి ఆపరేషన్ అయ్యాక హకీం రాకపోతే ఆమె బయటికి కదిలింది లేదు.

ఈ చిన్న బండి ఆమె తమ్ముడు చంద్రకాంత్‌ది. కొంత పెట్రోలుతో, కొంత బ్యాటరీతో నడిచే హైబ్రిడ్. జీపులా ఎత్తుగా ఉన్నా సందుల్లో సులువుగా తిరుగుతుంది. అతనికి దూరం బదిలీ కావడంతో అక్కకే అమ్ముతానన్నాడు. నిర్మలమ్మ తమ్ముడి మాట సగమే నమ్ముతుంది. అందుకే పొద్దున్నే తాళం హకీం చేతిలో పెట్టింది.

"ఇయ్యాల దినమంత నడుపు హకీం భాయ్. మంచి చెడ్డ సాయంత్రం చెప్పు. నువ్వు తీసుకోమంటేనే తీసుకుంట."

ఆ మాటకు హకీం ఉబ్బిపోయాడు. రోజూ చంకన పెట్టుకొచ్చే నడుము దిండును కొత్త సీటుకు ఆనించి కూర్చున్నాడు. బండి కదిలాక ఆ ఉబ్బంతా దిగిపోయింది. క్లచ్ లేదు, గేర్లు మార్చే పని లేదు. ఇలాంటి బండికి డ్రైవరెందుకు? నిర్మలమ్మకు నడపడం వచ్చు. పెళ్లయిన కొత్తలో భర్త నేర్పాడు, లైసెన్సు ఇప్పటికీ చెల్లుతుంది. ఎడమ మోకాలు క్లచ్ తొక్కనివ్వకే ఆమె వెనక సీటుకు చేరింది. క్లచ్ లేని ఈ బండిని తానే నడపొచ్చని ఆమెకింకా తట్టినట్టు లేదు. తట్టకుండా ఉంటేనే మేలు. చెడ్డ ఒక్కటే చెబితే సరి, అబద్ధమాడే అవసరం కూడా ఉండదు. ఈ వయసులో తనకు కొత్తగా ఎవరు స్టీరింగు అప్పగిస్తారు? పైన అల్లా చూస్తున్నాడని తెలిసీ హకీం చెడ్డ వెతకడం మొదలుపెట్టాడు.

కొట్టు దగ్గరే ఒకటి దొరికింది. విత్తనాల సంచులు రెండు పెట్టేసరికి డిక్కీ మూత పడలేదు.

"గిదేం డిక్కీ అమ్మా, టిఫిన్ డబ్బా లెక్కుంది! సగం జాగ బ్యాటరీయే మింగింది."

"యాదికి పెట్టుకో," అంది నిర్మలమ్మ.

అయితే మంచి కూడా అడుగడుగునా అడ్డం వస్తోంది. బజారులో ఆగుతూ కదులుతూ పోయినా పెట్రోలు ముల్లు చలించలేదు. జీపులో ఫోను మాట్లాడాలంటే నిర్మలమ్మ గొంతు చించుకోవాలి. ఇవాళ హాయిగా, మెల్లగా మాట్లాడుకుంటోంది. హకీంకు ఆ నెమ్మది నచ్చింది. నచ్చినందుకు తన మీద తనకే ఒళ్లు మండింది.

కుల్చారం దాటాక రోడ్డు మీద సగం మేర వడ్లు ఆరబోసి ఉన్నాయి. అంచు వెంట రాళ్లు పేర్చారు. కిష్టవ్వ అనే ముసలి రైతు ఆ వడ్లలో పాదాలు ఈడుస్తూ సాళ్లు తీస్తోంది. జీపు చప్పుడైతే ఎంతో ముందే విని జరిగేది. ఈ బండి వీపు వెనక్కి వచ్చి ఆగినా ఆమెకు తెలియలేదు. హారన్ కొట్టగానే ఎగిరిపడింది.

"నీ బండి పాడుగాను! దయ్యం లెక్క ఎనకకొచ్చి నిలవడ్డవేందిరా! జర సప్పుడన్న ఉండొద్దా?"

"తప్పైంది అవ్వా, కోపం జెయ్యకు. గీ బండికి నోరు లేదు."

హకీం బండిని పక్కకు పెట్టి దిగాడు. నిర్మలమ్మ కూడా దిగి, గుప్పెడు వడ్లు తీసుకుని పంట్లో నొక్కి చూసింది. తన కొట్టు విత్తనమే. ఇద్దరాడవాళ్లూ తాలు గురించి, తేమ గురించి మాటల్లో పడ్డారు.

ఇంతలో మనిషి లేని బండి గుర్రుమని మొదలైంది.

"ఓయమ్మో!" కిష్టవ్వ చేతిలో చాట వదిలేసింది. హకీం వడ్లలో జారుతూ పరుగెత్తాడు. జీపు ఊగడం ఆగిందంటే బంద్ అయినట్టే, ఆయనకు తెలిసిన లెక్క అదొక్కటే. ఈ బండి బంద్ కాకుండానే ఊరుకుంటుంది, బ్యాటరీకి ఆకలైనప్పుడు ఇంజను దానంతటదే లేస్తుంది. నిర్మలమ్మ కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వింది. నవ్వుతూనే రెండడుగులు వేగంగా వేయబోయి, మోకాలు పట్టేసి, బండి తలుపు పట్టుకుని ఆగిపోయింది.

"ఇంక నొస్తుందా బిడ్డా?" అంది కిష్టవ్వ.

"నొప్పికి ఓర్సుకుంటనే అవ్వా. ఏడికి పోవాలన్న ఒకలను అడగాలె సూడు, గదే పానానికి కష్టమైతుంది. హకీం భాయ్‌కి సుత ఇల్లు, పిల్లలు ఉన్నరు గదా."

బండి ఆపేసి వస్తున్న హకీం చెవిన ఆ మాట పడింది. తర్వాత ఎల్దుర్తి వెళ్లి అక్కడి పంటలు చూశారు. తిరుగు దారిలో, మనుషులెవరూ లేని చోట బండి పక్కకు తీశాడు.

"చెప్పు మరి," అంది నిర్మలమ్మ.

"డిక్కీల సంచులు పట్టయి. ఏమన్నైతే విప్పి చూసేటోడు మెదక్‌ల లేడు, పట్నం పోవాలె. బ్యాటరీ పోతే మస్తు ఖర్చు. సప్పుడు లేదు, మనుషులు జరగరు."

"అయితే వద్దంటవా?"

ఇక్కడితో ఊరుకుంటే అయిపోయేది. హకీం వెనక్కి తిరిగాడు.

"మంచి సుత ఉంది అమ్మా. క్లచ్ లేదు. మీ ఎడమకాలికి పనే లేదు. దిగి గీ సీట్లకు రాండ్రి."

ఆమెకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక దిగి, బండిని పట్టుకుని చుట్టూ తిరిగి వచ్చింది. హకీం పక్క సీట్లోకి మారాడు. బండి మెల్లగా కదిలింది.

"బ్రేకు సుత కుడికాలుతోనే అమ్మా. ఎడమదాన్ని పండుకోనియ్యుండ్రి."

కొంతదూరం పోయాక నిర్మలమ్మ భుజాలు వదులయ్యాయి. "నేనేనా నడుపుతున్న? హకీం భాయ్, నేనేనా!" అని చిన్నపిల్లలా కేక పెట్టింది. మెదక్ పొలిమేరకు వచ్చేసరికి ఆ సంబరం సద్దుమణిగింది.

"మరి నువ్వు?"

"పొద్దుగాల సంది అదే పరేషాన్. చెప్పొద్దనే అనుకున్న అమ్మా."

ఆమె బండి వేగం తగ్గించింది. "సంచులు పట్టయంటివి గదా. అవి జీపులనే పోవాలె. జీపు మీ ఇంటికాడ పెట్టుకో. కొట్టు సరుకు ఎయ్యి, ఖాళీ దొరికితే నీ కిరాయిలు నువ్వు కొట్టుకో. నడుస్తదో లేదో, ఇద్దరం చూద్దాం."

హకీం తల ఊపాడు.

రోజూ ఆమెను దింపి నడిచి వచ్చేవాడు. ఇవాళ ఆమె ఆయన్ను ఆయన గల్లీ మొదట్లో దింపింది.

"జర పైలం అమ్మా. సందుల హారన్ కొట్టుండ్రి."

"నువ్వు లోపలికి పో హకీం భాయ్, నేను పోత," అని నిర్మలమ్మ ఒక్కతే బండి తిప్పుకుంది. ఇక ఆమె దారి ఆమెది, తన దారి తనది. హకీంకు దిగులేసింది, దిగులులోనే నవ్వొచ్చింది. జీపుకు రేపే సైలెన్సరు బాగుచేయించాలి అనుకుంటూ చంక కింద తడుముకుని, ఏదో తక్కువైందని గుర్తించాడు. మలుపు తిరుగుతున్న బండిలో, డ్రైవరు సీటుకూ నిర్మలమ్మ నడుముకూ మధ్య, భార్య జైనాబ్ ఆయన పాత లుంగీతో కుట్టిన నీలిగళ్ల దిండు ఉండిపోయింది.