ఎవరూ హెచ్చవేయని అద్దె

మా తమ్ముడి కొడుకు క్రాంతికుమార్ భార్య రూతు ఐర్లాండులో, డబ్లిన్‌లో నర్సు. సెలవు మీద ఇంటికి వచ్చింది. తిరిగి వెళ్ళేటప్పుడు మొగుణ్ణి వెంట తీసుకెళ్ళాలి. వాడికి వీసా వచ్చింది, సూట్‌కేసు కొన్నాం, పాస్టరుగారి చేత ప్రార్థన కూడా చేయించాం. మిగిలింది ఒకటే. ఉప్పలగుప్తం దగ్గర వాడు లీజుకు చేస్తున్న రొయ్యల చెరువు వదిలేయాలి. చెరువు ఆసామి సత్యప్రసాద్‌గారు ఆదివారం మేం చర్చి నుంచి వచ్చాక మాట తీసుకెళతానన్నారు. వదిలేస్తానంటే సాయంత్రానికి అది ఇంకొకరి చెరువు. మళ్ళీ కాళ్ళు పట్టుకున్నా రాదు.

మా పేటలో విదేశమంటే గల్ఫే. నేనూ మస్కట్‌లో లారీ తోలినవాణ్ణే. ఎండలో ఆగిన లారీ బానెట్ మీద అట్లు పోసుకు తిన్నవాణ్ణి. మూడో అట్టు మాడిపోయిందని చెబితే మా వాళ్ళు నమ్మరు, అది వాళ్ళ ఖర్మ. అక్కడ గది కంపెనీది, బియ్యం కంపెనీవి, వ్యాను కంపెనీది. జీతం జీతంలాగే ఇంటికి వచ్చేస్తుంది. అందుకని రూతు జీతం ఎన్ని యూరోలో తెలిసిన రోజున పేటంతా కూర్చుని రూపాయల్లోకి హెచ్చవేసింది. నేనూ వేశాను. హెచ్చవేతలు తప్పితే మా మాస్టారు వేళ్ళ కణుపుల మీద కొట్టేవారు, కాబట్టి నా లెక్క తప్పదు. వచ్చిన సున్నాలు వరసగా పేరిస్తే అమలాపురం నుంచి రావులపాలెం దాకా వస్తాయని చర్చి మెట్ల మీద నేనే చెప్పాను.

వచ్చిన దగ్గర్నుంచీ ఆ పిల్ల ముఖం ఒక్కలాగే ఉంది. బొమ్మిడాయిల పులుసు ఎలా ఉందని క్రాంతి తల్లి, మా మరదలు రెబెకా అడిగితే బాగుందండి అంటుంది. డబ్లిన్ ఎలా ఉందని అడిగినా అదే బాగుందండి, అదే గొంతు. ఆ ఆదివారం పొయ్యి మీది అన్నం గిన్నె ఉత్తి చేతుల్తో దించేసింది. రెబెకా చెప్పాక గానీ తన చెయ్యి చూసుకోలేదు. కాలిందా అంటే, కాలినట్టుందండి అంది.

భోజనాలకి కూర్చున్నాం. ఈ పిల్లని ఎలాగైనా నవ్వించాలని నాకు పట్టుదల వచ్చింది. ఐర్లాండు ఆవు కింద చెంబు పెడితే చలికి పాలు రావట, నేరుగా గడ్డపెరుగే జారుతుందట కదా అన్నాను. పెదవులు కదిపింది. సరే అని వాడి గురక మీదికి వచ్చాను. కరెంటు పోయి ఏరియేటర్లు ఆగిపోతే మా క్రాంతిగాణ్ణి చెరువు గట్టు మీద పడుకోబెడితే చాలు, ఆ గురకకే నీళ్ళు తిరుగుతాయి, రొయ్యలు నిక్షేపంగా బతుకుతాయి.

"మరి అమ్మాయ్, వీడి గురకని మీ ఇల్లు తట్టుకుంటాదా?" అన్నాను.

"ఇల్లు లేదండి, పెద్దమావయ్యగారూ."

"పోనీ, గది."

"గది కూడా కాదండి. మంచం."

క్రాంతి ముద్ద కలుపుతున్నవాడల్లా ఆగాడు. రూతు మజ్జిగ పోసుకుంటూ చెప్పింది. గదిలో మూడు మంచాలట. తన మంచం పగలు తనది, రాత్రి ఇంకో అమ్మాయిది. తనకి రాత్రి డ్యూటీలు, ఆ అమ్మాయికి పగటి డ్యూటీలు. ఈమె వచ్చేసరికి ఆమె లేస్తుంది.

"పరుపు వెచ్చగా ఉంటదండి," అంది. "చలికాలం అదే బాగుంటది."

సెలవు రోజున ఏం చేస్తావని క్రాంతి మెల్లిగా అడిగాడు. లైబ్రరీలో కూర్చుంటుందట. అక్కడ ఎవరూ డబ్బులడగరట, హీటరు ఉంటుందట. మరి వీడియో కాల్‌లో వెనకాల కనపడే ఎర్ర సోఫా ఎవరిది అన్నాడు. ఆ సోఫా గురించి వాడు చెరువు గట్టు మీద చెప్పని మనిషి లేడు. అది ఆసుపత్రిలో పేషెంట్ల చుట్టాలు కూర్చునేదని చెప్పింది.

ఇద్దరికీ వేరే గది తీసుకోలేమా అని అడిగాడు. ఒక్క గదికే జీతంలో సగం పైన పోతుందట, ఆపైన అడ్వాన్సు, కరెంటు, బస్సు. అంత పోసినా కొత్తవాళ్ళకి ఇవ్వరట. అంతకుముందు అద్దెకున్న ఇంటివాళ్ళ దగ్గర్నుంచి వీళ్ళు మంచివాళ్ళేనని ఉత్తరం తెమ్మంటారట. సగం మంచానికి ఎవరు ఉత్తరమిస్తారు? ఒకవేళ గది దొరికినా, వాడికి పని కుదిరేదాకా ఇంటికి పైసా రాదు. క్రాంతి చెల్లెలు, మా ఝాన్సీ రాజమండ్రిలో నర్సింగు చదివేది ఈ వదిన పంపే డబ్బుతోనే.

"ఇంతవరకూ చెప్పలేదేం?" అన్నాడు క్రాంతి.

"ఎవరూ అడగలేదండి. జీతమే అడిగేరు."

నేను కంచంలోకి చూశాను. రెబెకా పులుసు గరిటె పట్టుకుని నిలబడే ఉంది, ఎవరికి వెయ్యాలో మర్చిపోయినట్టు.

అప్పుడే గుమ్మంలో మోటారుసైకిలు ఆగింది. సత్యప్రసాద్‌గారు. భోజనాల వేళ వచ్చేనండి, కూర్చోండి కూర్చోండి అంటూ తనే అరుగు మీద కూర్చున్నారు. చెరువు అడుగుతున్న అవతలి కుర్రాడు అడ్వాన్సు జేబులో పెట్టుకు తిరుగుతున్నాడట.

"ఏం క్రాంతీ, మరి వదిలేసినట్టేనా?"

క్రాంతి రూతు వైపు చూశాడు. ఆమె వాడి వైపు చూసింది గానీ, వద్దనీ అనలేదు, రమ్మనీ అనలేదు. గోడ మీది క్యాలెండరు చూసినట్టు చూసింది.

"చెరువు నేనే చేసుకుంటానండి," అన్నాడు.

ఆయన తెల్లబోయి, మరి ఐర్లాండో అన్నారు. వాడు మళ్ళీ ముద్ద కలపసాగాడు. నాకు మాట రాకపోవడమనేది లేదు కదా. అక్కడి దొరలు వీడి గురక టెస్టు చేశారండి, విమానం దిగితే దేశంలో పసిపిల్లలు పడుకోరని ఆపేశారు అన్నాను. ఆయన పడీపడీ నవ్వి, ఆయ్, మీరుండగా మాకు సినిమాలెందుకండీ అని బండి తీశారు. ఇంట్లో ఎవరూ నవ్వలేదు. నాకూ నవ్వు రాలేదు.

బండి చప్పుడు వంతెన దాటిపోయాక క్రాంతి అన్నాడు, "పోనీ నువ్వుండిపోరాదూ. అమలాపురంలో చూసుకోవచ్చు."

ఆమె మజ్జిగ గిన్నె మీద మూత పెట్టింది.

"ఈ నెలాఖరుకి వెళ్ళకపోతే నా మంచం వేరేవాళ్ళకి ఇచ్చేస్తారండి," అంది.

వాడు తలూపాడు. రొయ్యలకి మధ్యాహ్నం మేత వెయ్యాలని లేచి చెయ్యి కడుక్కున్నాడు. ఆమె వాడి కంచం తన కంచంలో పెట్టుకుని దొడ్లోకి నడిచింది.