వాడి గదిలో మోటారు

మా ఇంటికి పరామర్శకు వచ్చినవాళ్ళలో సగం మంది చేపల్ని చూసి వెళ్ళారు. పోయినవాడి గురించి ఏం మాట్లాడాలో తెలియక, "ఈ తొట్టె ఎంతయిందండీ?" అని అడిగిన మహానుభావులు కూడా ఉన్నారు. నోటికొచ్చిన ధర చెప్పి పంపించాను. రామచంద్రపురం మెయిన్ రోడ్డులో హార్డ్‌వేర్ కొట్టు పెట్టుకున్నవాణ్ణి, ధర చెప్పడానికి నాకు ప్రాణం ఉండక్కర్లేదు.

తొట్టె మా అబ్బాయి భానుతేజది. కాకినాడ నుంచి వస్తూ, రోడ్డు మీద ఆరబోసిన ధాన్యం మీద బండి జారి పోయాడు. వాడి వయసువాళ్ళు బుల్లెట్టో కెమెరానో కొనుక్కుంటారు. వీడు గదిలో సముద్రం పెట్టుకున్నాడు. ఉప్పునీళ్ళు, రాళ్ళు, రెండు నారింజ రంగు చేపలు, వాటికి ఇల్లుగా ఒక ఎనిమోన్. చూడ్డానికి పువ్వే గానీ అది ప్రాణి. వేళ్ళలాంటి రేకులు ఆడిస్తూ ఉంటుంది, చేపలు వాటి మధ్య దూరి పడుకుంటాయి. ఏ కుక్కపిల్లనో పెంచి పోయి ఉంటే ఇంత అన్నం పడేసి సాకేవాళ్ళం. ఈ ఉప్పునీళ్ళ కాపురం ఎలా నడపాలో నాకేం తెలుసు?

అయినా నడిపాను, సత్యలక్ష్మి కోసం. కర్మకాండ అయిపోయిన మర్నాడే నా భార్య మంచం ఎక్కింది. ఒంట్లో ఏమీ లేదన్నారు డాక్టర్లు. నిజమే, ఏమీ లేదు. అన్నం కలిపి నోట్లో పెడితే తినేది, లేకపోతే లేదు. వాడి గదిలో, వాడి మంచం మీదే పడుకునేది. చప్పుడుకు నిద్ర పట్టడం లేదేమోనని ఒకసారి తొట్టె మోటారు ఆపబోతే చివాలున లేచింది.

"ఆపకండి. అది మోగుతుంటే వాడు గదిలో ఉన్నట్టే ఉంటుంది నాకు."

ఆ తర్వాత మోటారుకు విడిగా ఇన్వర్టరు పెట్టించాను. కరెంటు పోతే మేం విసనకర్రలతో విసురుకునేవాళ్ళం, అది మాత్రం మోగేది.

ఎండలు ముదిరేసరికి తొట్టె పాడవడం మొదలైంది. అద్దాలకు గోధుమరంగు జిగట, రాళ్ళ మీద పీచు. ఎనిమోన్ ముడుచుకుపోయి పిడికిలంత అయింది. "అది కూడా పోతుందండీ," అంది సత్యలక్ష్మి, కూరలో ఉప్పెక్కువైందన్నంత మామూలుగా. దాని వెనకాలే తనూ పోదామని చూస్తోందని నాకు అర్థమైంది.

మెర్సీకి ఫోన్ చేశాను. మా వాడితో కలిసి చదువుకున్న అమ్మాయి, కాకినాడలో కాలేజీలో జువాలజీ చెబుతుంది. ఆదివారం చర్చి అయ్యాక బస్సెక్కి వచ్చింది. నీళ్ళు పరీక్ష చేసి పెదవి విరిచింది.

"నైట్రేట్ బాగా పెరిగిపోయిందండి అంకుల్. చేపలు వదిలిన మురికంతా నీళ్ళలోనే ఉండిపోతోంది. రెఫ్యూజియం పెట్టాలి. పెడదామని తేజ కూడా అనేవాడు."

"అంటే ఏంటమ్మా అది?"

"కింద ఇంకో చిన్న తొట్టె పెట్టి, అందులో సముద్రపు నాచు వేసి, పైన లైటు పెడతామండి. పై నీళ్ళు అందులోకి దిగుతాయి. మురికిని నాచు లాగేసుకుంటుంది, శుభ్రమైన నీళ్ళు మోటారు పైకి తోస్తుంది. చేపలు అటు రాలేవు కాబట్టి చిన్న చిన్న పురుగులు కూడా ఆ నాచులో తలదాచుకుని బతుకుతాయి. అందుకే ఆ పేరు, తలదాచుకునే చోటని."

తలదాచుకునే చోటు అన్న మాటకు సత్యలక్ష్మి ఇటు తిరిగి చూసింది. నాకు అది చాలు.

నా జన్మలో అంత శ్రద్ధగా పైపు పని చేయలేదు. కొట్లో ఉన్న పీవీసీలో మంచి రకం ఏరి తెచ్చాను. ఇనుప క్లిప్పులు వద్దని మెర్సీ అంటే అన్నీ ప్లాస్టిక్‌వే వేశాను. గమ్ము పూసిన జాయింట్లను రోజుల తరబడి ఆరబెట్టి, మంచినీళ్ళతో కడిగి మరీ బిగించాను. మోటారు ఆగితే పై తొట్టెలో నీళ్ళు పైపులోంచి వెనక్కి జారి గదంతా పొర్లుతాయట. అలా కాకుండా నీటి మట్టానికి కాస్త కిందగా పైపుకు చిన్న బెజ్జం పెట్టాను. మట్టం తగ్గగానే బెజ్జంలోంచి గాలి దూరి నీళ్ళు ఆగిపోతాయి. మెర్సీ కవర్లో తెచ్చిన నాచు చిక్కుపడ్డ ఆకుపచ్చ నూలు ఉండలా ఉంది. దాన్ని నీళ్ళలో వదిలి లైటు వేశాం.

నాచు పెరిగింది. నీళ్ళు తేరాయి. ముడుచుకున్న ఎనిమోన్ ఒక్కొక్క వేలూ చాపింది.

ఒక పొద్దున కొట్టుకు బయలుదేరుతుంటే పూజగదిలో గంట వినిపించింది. సత్యలక్ష్మి తలస్నానం చేసి దీపం పెడుతోంది! తొట్టె బాగుపడితే పెనుగొండ వచ్చి అమ్మవారికి చీర పెడతానని మొక్కుకున్నానంది. ఇక రోజూ అంతే. దీపం పెట్టడం, ఆ కింది తొట్టె పక్కన గొంతుకూర్చుని కాసేపు చూడడం, ఆ తర్వాత నాకు కాఫీ. నేను కొట్లో గల్లా ముందు కూర్చుని, పైపు ఎల్బోలు అడుగుతున్న బేరాన్ని నిలబెట్టి ఏడ్చాను. బేరం పోయింది. పోతే పోనీ.

మళ్ళీ ఎక్కడ తేడా వచ్చిందో తెలియలేదు. ముందు నత్తలు రాళ్ళ మీద నుంచి ఊడి పడ్డాయి. నాచు అంచులు తెల్లబడ్డాయి. ఒక పొద్దుటికి ఎనిమోన్ నానిన సబ్బుముక్కలా రాతికి వేలాడుతోంది. చేపలు రెండూ దాని చుట్టూ తిరుగుతున్నాయి, దూరడానికి చోటు లేదు. పూజగదిలో గంట మోగుతుండగానే మెర్సీకి ఫోన్ చేశాను.

"నాచు కూడా చచ్చిపోతోందా అంకుల్? రాగి ఏమన్నా తగిలిందా? చేపలు కొంత ఓర్చుకుంటాయి గానీ, రాగి తగిలితే మిగతావేవీ బతకవండి."

రాగి ఎక్కడి నుంచి వస్తుందమ్మా అంటూనే, ఫోను చెవికీ భుజానికీ మధ్య నొక్కిపెట్టి, నాచు కింద చేయి పెట్టి చూశాను. చల్లగా, గుండ్రంగా తగిలాయి. చిల్లికానీలు, పాతకాలం రాగి నాణేలు. మా తాతగారి గల్లాపెట్టె అడుగున దొరికితే సత్యలక్ష్మి పూజగదిలో డబ్బాలో దాచింది. బయటికి తీసి జేబులో వేసుకుంటూ చూశాను, ఒక్కొక్కటీ ఆకుపచ్చటి చిలుము పట్టి ఉంది. ఆ రంగు నాకు కొత్త కాదు. చెరువుల్లో నాచు చంపడానికి చేపల రైతులు నా దగ్గరే మైలుతుత్తం కొంటారు. అదీ రాగే.

వెనక అడుగుల చప్పుడైంది. తడి జుట్టుతో, నుదుట కుంకుమతో సత్యలక్ష్మి. పిడికిలి మూసి ఉంది.

"రోజూ దీపం పెట్టాక ఒక్కోటి వేస్తున్నానండి. రాగి నీళ్ళని శుద్ధి చేస్తుంది కదా. రైల్లో గోదావరి దాటేటప్పుడు వాడి చేత కూడా వేయించేదాన్ని, గుర్తుందా? ఇవాళ రెండు తెచ్చాను. తొందరగా బాగవుతుంది కదండీ?"

చెవిలో మెర్సీ అడుగుతోంది, "అంకుల్, రాగేనా?"

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందని సామెత. ఎదుటివాళ్ళ ఇంటి సంగతైతే నవ్వుకుంటూ చెప్పేవాణ్ణి.

"ఇలా ఇవ్వు, నేను వేస్తాను," అని సత్యలక్ష్మి చేతిలోవి తీసుకున్నాను. ఫోన్లో గట్టిగా, ఆవిడకు వినపడేలా అన్నాను. "గమ్ము తల్లీ. పైపులకు పూసిన గమ్ము ఆరకముందే నీళ్ళు వదిలేశాను. ఇక ఇది బతకదు. తప్పు నాదే."

"గమ్ముకి ఇలా అవదండి అంకుల్..."

"నాదే తప్పమ్మా," అని పెట్టేశాను.

సత్యలక్ష్మి ముందు ఎనిమోన్‌ను చూసింది. తర్వాత నన్ను చూసింది.

"ఇన్నేళ్ళుగా పైపులు అమ్ముతున్నారు," అంది. "వాడిదని ఒక్కటి మిగిలింది. అది మీ చేతుల్లో పెట్టాను."

మంచం దగ్గరికి వెళ్ళి గోడవైపు తిరిగి పడుకుంది. నిజం గొంతు దాకా వచ్చింది. చెబితే నా మీద కోపం పోతుంది. కానీ వేసింది తన చేత్తోనని తెలిస్తే, ఆ చేత్తో మళ్ళీ దీపం పెట్టదు, అన్నం ముట్టదు. చొక్కా జేబులో చిల్లికానీలు తడితడిగా గుండెకు తగులుతున్నాయి.

మధ్యాహ్నం మెర్సీ వచ్చి చేపల్ని కవర్లో నీళ్ళుపోసి పట్టుకెళ్ళింది. తెల్లబడ్డ నాచునూ, తడిసిన నా జేబునూ మార్చి మార్చి చూసింది. ఎనిమోన్‌ను పెరట్లో పాతిపెట్టాను. ఖాళీ నీళ్ళను మోటారు కిందకీ పైకీ తిప్పుతూనే ఉంది. ఆపడానికి నాకు చేతులు రాలేదు. కనీసం ఆ చప్పుడైనా ఆవిడకు ఉంటుందనుకున్నాను.

సాయంత్రం పూజగదిలో దీపం లేదు. కాఫీ కలిపి తీసుకెళ్తే వద్దంది.

"ఆ మోటారు ఆపెయ్యండి."

"మోగనీ సత్యా. వాడు గదిలో ఉన్నట్టు ఉంటుందన్నావు కదా."

"వాడు లేడు కదండీ."

స్విచ్ తీశాను. పైపులో నీళ్ళు కాసేపు గరగరమంటూ వెనక్కి జారాయి. బెజ్జంలోంచి గాలి దూరింది, నీళ్ళు ఆగిపోయాయి. ఒక్క చుక్క కూడా కింద పొర్లలేదు.