డ్రైవర్ దూరంగా ఉన్నాడు

వదిన పళ్ల డాక్టరు. మాతృభాష థాయ్. తెలుగు అత్తగారి దగ్గర నేర్చుకుంది కాబట్టి కోపం వచ్చినప్పుడు ఒక్క మాటకీ తడుముకోదు. ఆ ఉదయం ఆడపడుచుకి ఫోన్ చేసి అందుకుంది.

"మీ టాక్సీ యాప్ నన్ను నిలువునా ముంచుతోంది. డ్రైవర్ దూరంగా ఉన్నాడంటుంది. సరే కదా అని తీరిగ్గా తల దువ్వుకుంటాను. అతనేమో గుమ్మం ముందు హారన్ కొట్టి కొట్టి వెళ్లిపోతాడు. అక్కడ పేషెంట్లు నోళ్లు తెరుచుకుని కూర్చుంటున్నారు."

ఆ యాప్‌కి ప్రోగ్రాం రాసేది ఆడపడుచే. సాయంత్రం ఆమె అన్నయ్య వాళ్లింటికి వెళ్లి, వదిన ఫోన్ చేతిలోకి తీసుకుంది. యాప్‌ని వదిన థాయ్‌లో పెట్టుకుంది.

"ఇదిగో, ఈ అక్షరం నెత్తిన చిన్న గుర్తుండాలి," అని గోటితో చూపించింది వదిన. "ఉంటే 'దగ్గర'. లేకుండా చదివితే 'దూరం' అన్నట్టే వినబడుతుంది. దాన్ని ఏం చేశారు మీరు?"

వాళ్లేం చేయలేదు. గుర్తు ప్రోగ్రాంలో భద్రంగానే ఉంది. దాన్ని చూపించే లేబుల్ పెట్టెని ఇంగ్లీషు అక్షరాల ఎత్తుకి బిగించేశారు. థాయ్ గుర్తులు అంతకంటే పైకి లేచేసరికి పెట్టె అంచు దగ్గర తెగిపోతున్నాయి.

మర్నాడు ఆడపడుచు డిజైనర్‌ని కలిసింది. ఆఫీసంతా అతన్ని కొలబద్ద అంటుంది, అతను వినకుండా.

"పెట్టె పెంచితే కింద బటన్ జరుగుతుంది," అన్నాడు కొలబద్ద.

"జరగనివ్వండి."

"అందం పోతుందండీ. అక్షరాలే చిన్నవి చేద్దాం."

చేశారు. గుర్తు కనిపించింది. వదిన మళ్లీ ఫోన్ చేసింది. "ఇప్పుడు డ్రైవర్ ఎక్కడున్నాడో తెలియాలంటే క్లినిక్ నుంచి భూతద్దం తెచ్చుకోవాలి. అది కూడా మీరే ఇస్తారా?"

ఇక వాదించి లాభం లేదనుకుంది ఆడపడుచు. అక్షరాలని పాత సైజుకి తెచ్చి, అదే పెట్టెలో తెలుగు వాక్యం పెట్టి ఫోన్ కొలబద్ద ముందుంచింది.

కొలబద్ద కళ్లద్దాలు సర్దుకుని కూడబలుక్కున్నాడు. "డెవర్... దగరో... ఉనాడు." తల ఎత్తాడు. "ఎవరండీ ఈ డెవర్ దగరో? కొత్తగా చేరిన డ్రైవరా?"

"డ్రైవర్ దగ్గర్లో ఉన్నాడు అని రాశానండీ. వత్తులన్నీ మీ పెట్టె కింద తెగిపోయాయి."

కొలబద్ద ఫోన్ దగ్గరికి లాక్కున్నాడు. "తెలుగులో కూడా పెడతామన్నారు కదూ?"

"వచ్చే నెలలోనే."

"మా ఆవిడ పేరు నిండా వత్తులే," అన్నాడు గొంతు తగ్గించి. "యాప్‌లో తన పేరు అలా తెగిందంటే ఇంట్లో నా పని తెగుతుంది. పెంచేయండి."

బిగించిన ఎత్తు తీసేశారు. ఏ భాష అక్షరాలకి ఎంత చోటు కావాలో పెట్టె అంతే సాగేలా చేసి, పైనా కిందా కాస్త ఖాళీ వదిలారు. బటన్ వెంట్రుకవాసి జరిగింది. కొలబద్ద దాన్ని కొలిచి, నిట్టూర్చి, ఊరుకున్నాడు. కొత్త యాప్ చేరగానే వదిన ఫొటో పంపింది. గుర్తు అక్షరం నెత్తిన నిండుగా కూర్చుంది.

ఆ తర్వాతి ఉదయం అన్నయ్య ఫోన్ చేశాడు. వదినని క్లినిక్ దగ్గర దింపి, అదే టాక్సీలో అతను ఆఫీసుకి వెళ్తాడు.

"ఆ యాప్ బాగుచేసింది నువ్వేనా?"

"నేనే అన్నయ్యా."

"ఇన్నాళ్లూ ఎంత ఆలస్యమైనా దాని మీదికి తోసేసేవాణ్ణి. ఇవాళ ఆఫీసు తలుపు తీయకముందే వచ్చి మెట్ల మీద కూర్చున్నాను. నీకేం అపకారం చేశానమ్మా?"

ఆమెకి నవ్వాగలేదు. "వేరే సాకు చూసుకో అన్నయ్యా," అని ఫోన్ పెట్టేసింది.