ఇద్దరు లేపే పందిరి

ఆర్లిస్ మూడో నంబరు స్థలంలోని పొయ్యి గుంటలోంచి బూడిద తోడి ఇనుప బకెట్లో పోశాడు. అక్కడ దిగినవాళ్ళు తెల్లవారకముందే బయలుదేరి పోయారు, పోతూపోతూ నిప్పు మీద నీళ్ళు చల్లడం మరిచారు. అతను వంగి, చెయ్యి బూడిదకు దగ్గరగా పెట్టి వేడి చూశాడు. కుడి భుజం కలుక్కుమంది. వారం రోజులుగా అది అంతే. ఎడమ చేత్తో బకెట్ ఎత్తి చిన్న బండిలో పెట్టుకుని నాలుగో నంబరుకు కదిలాడు.

అరిజోనా ఎడారిలో, నది ఒడ్డున ఉన్న ఆ శిబిరానికి అతను కాపలాదారు. కాపలా అంటే తుపాకీ పట్టుకుని తిరిగేది కాదు. అరవై రెండు పొయ్యిలు ఊడవాలి, మరుగుదొడ్లు కడగాలి, వచ్చినవాళ్ళ పేరు చీటీలు గుంజలకు తగిలించాలి, పొద్దుపోయాక పాటలు పెట్టేవాళ్ళను మెల్లగా మందలించాలి. అందుకు బదులుగా ఒకటో నంబరు స్థలం, నీళ్ళు, కరెంటు ఉచితం. చలికాలంలో ఉత్తరాది ముసలివాళ్ళంతా మంచు తప్పించుకోవడానికి బస్సుల్లాంటి మోటారు ఇళ్ళు తోలుకుని అక్కడికి దిగుతారు, ఎండ ముదరగానే ఖాళీ చేస్తారు. ఆర్లిస్ మాత్రం రెండేళ్ళుగా అక్కడే ఉండిపోయాడు. రమ్మనేవాళ్ళు లేనప్పుడు ఎక్కడికని పోతాడు?

అంతకుముందు నెబ్రాస్కాలో ఒక ధాన్యం గోదాములో ముప్పై మూడేళ్ళు లారీలు తూచాడు. నిండు బండిని ఒకసారి, ఖాళీ బండిని ఒకసారి. ఆ రెండో తూకం పడితే తప్ప అంకె నోట రాకూడదు. ఆ అలవాటు ఒంటికి పట్టేసింది. పెళ్ళి చేసుకుందామా అని ఓపల్ అడిగిన రోజున కూడా మర్నాడు చెప్తానన్న ఘనుడు. ఆమె ఆ మాట బతికినన్నాళ్ళూ పదిమందిలో చెప్పి నవ్వించేది.

మోటారు ఇల్లు ఓపల్ ముచ్చట. దాని పక్కన చుట్టగా ఉండే గుడ్డ పందిరి ఇంకా ముచ్చట. పొద్దున్నే కొక్కెం కర్రతో చుట్ట మీది మీట తిప్పి, పట్టీ పట్టుకుని వెనక్కి నడుస్తూ లాగాలి. తర్వాత రెండు కొసలా రెండు చేతికడ్డీలు ఒక్కసారిగా లేవాలి. ఒకటి ముందు లేస్తే గుడ్డ మెలిపడుతుంది. "ఒకటి, రెండు, లేపు" అనేది ఓపల్. పొద్దు వాలగానే మళ్ళీ ఇద్దరూ కలిసి చుట్టేవారు. గాలిని నమ్మి పందిరి తెరిచి ఉంచి పడుకున్నవాణ్ణి ఆ ఎడారిలో ఎవరూ మళ్ళీ లెక్కలోకి తీసుకోరు.

ఓపల్ పోయిన మర్నాడు, ఏడు గంటలకు, అతనిలాగే ఏడాది పొడవునా రెండో నంబరులో ఉండే మేవిస్ కాఫీ కప్పుతో వచ్చి ఓపల్ వైపు కడ్డీ పట్టుకుంది. ఆ సాయంత్రం కూడా వచ్చింది. డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి, బడి వంటశాలలో పెద్ద గరిటెలు తిప్పిన చేతులు, మోకాళ్ళు మాత్రం రెండూ అరిగిపోయాయి. రెండేళ్ళలో రెండు మోటారు ఇళ్ళ మధ్య కంకరలో సన్నటి బాట పడింది.

పోయిన వారం ఆమె జుట్టు కత్తిరించుకోవడానికి ఊళ్ళోకి పోయినప్పుడు నడి మధ్యాహ్నం గాలి లేచింది. ఆర్లిస్ ఒక్కడే చుట్టబోయాడు. స్ప్రింగు చుట్ట గిర్రున తిరిగి, పట్టీతో పాటు అతని భుజాన్నీ లాక్కుపోయింది. మేవిస్ వచ్చి చూసి, "నేను లేకుండా దాన్ని ముట్టుకోమని నీకెవడు చెప్పాడయ్యా?" అని చెడామడా తిట్టింది. పాపం, విసిగిపోయింది కాబోలని ఆర్లిస్ అనుకున్నాడు.

తొమ్మిదింటికి రాయిస్ వచ్చాడు. మోటారు ఇళ్ళు బాగుచేస్తూ ఊరూరా తిరిగే మనిషి.

"ఈ పాతదానితో ఇంకా కుస్తీ ఎందుకు పెద్దాయనా? కరెంటు పందిరి నా బండిలోనే ఉంది. ఎవరో తెప్పించుకుని వద్దన్నారు, మీ దానికి అచ్చంగా సరిపోతుంది. బొత్తం నొక్కితే తెరుచుకుంటుంది. గాలి లేస్తే మీరు కునుకు తీస్తున్నా సరే, దానంతటదే ముడుచుకుంటుంది."

"ఎంతమంది పట్టుకోవాలి?"

"ఎవరూ అక్కర్లేదు. అదేగా దాని గొప్ప."

ధర కూడా తగ్గించాడు. అయినా ఆర్లిస్‌కు అడ్డం డబ్బు కాదు. రేపు పదింటికి దక్షిణానికి పోతున్నానని, ఆలోగా ఏదో ఒకటి చెప్పమని రాయిస్ అన్నాడు. ఆర్లిస్ చూద్దామన్నాడు.

మధ్యాహ్నం ఉత్తరాలు ఇవ్వడానికి వెళ్తే మేవిస్ మెట్టు మీద కూచుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది.

"రాయిస్ కరెంటు పందిరి అమ్ముతానంటున్నాడు."

"విన్నాలే. వాడి గొంతు నది అవతలికీ వినపడుతుంది."

"ఏమంటావు?"

"నన్నడుగుతావేం? పందిరి నీది. కొనుక్కో. నా మోకాళ్ళకీ సెలవు దొరుకుతుంది."

తల ఎత్తకుండానే అంది. ఆర్లిస్ సరేనని వచ్చేశాడు. లోకంలో ప్రతిదాన్నీ రెండుసార్లు తూచే మనిషి ఆ ఒక్క మాటను ఒక్క తూకంతోనే నమ్మాడు.

నలభయ్యో నంబరు దగ్గర చెత్తసంచి మారుస్తుంటే, ఆ స్థలంలోని కొత్త మోటారు ఇల్లు గుర్రుమంది. దాని పందిరి నున్నగా, మెల్లగా, వంకర లేకుండా తెరుచుకుంది. తలుపు తెరుచుకోలేదు. లోపల ఎవరో బొత్తం నొక్కి మళ్ళీ టీవీ చూసుకుంటున్నారు. నేల మీద చాప, చాప మీద కుర్చీ, కుర్చీ మీద నీడ. ఆర్లిస్ సంచి పట్టుకుని చాలాసేపు అక్కడే నిలబడ్డాడు. రేపటినుంచి తనదీ ఇదే బతుకని తోచింది. పొద్దున్న ఏడింటికి ఒకసారి, పొద్దువాలాక ఒకసారి, రోజుకు ఆ రెండుసార్లే అతనికి మనిషి అలికిడి. మిగతాదంతా బూడిద, చీపురు, చీటీలు.

మరుగుదొడ్లు కడిగి బయటికి వచ్చేసరికి పొద్దు కొండకు ఇంకా బెత్తెడు పైనుంది. మేవిస్ అప్పుడే తన మెట్టు మీద కూచుని ఉంది. చేతులకు తొడుగులు వేసుకుని, జుట్టు నున్నగా దువ్వుకుని, అతని పందిరివైపే చూస్తోంది. ఇంకా ఇరవై నిమిషాల వ్యవధి ఉంది. అంత ముందుగా తయారై కూచునే మనిషికి సెలవు దేనికి? అతను మరుగుదొడ్ల గోడ చాటున ఆగి, వేళయ్యేదాకా ఆమెను అలాగే కూచోనిచ్చాడు. రెండో తూకం పడింది.

చుట్టేటప్పుడు పట్టీ పైకి పోయేకొద్దీ మేవిస్ మునివేళ్ళ మీద లేచింది. మడమలు వణికాయి. ఆమె భుజం సరిగ్గా తలుపు పిడి ఎత్తుకు వస్తోందని ఆర్లిస్ గమనించాడు.

"ఏం తేల్చావు?" అంది, తొడుగులు విప్పకుండానే.

"పొద్దున్న చెప్తా."

"నీ తూకం అయ్యేసరికి గోదాము దగ్గర డ్రైవర్లకు గడ్డాలు నెరిసేవేమో."

"ఏడింటికి రా."

"రాకపోతే?"

"రా మేవిస్."

ఆమె అతన్ని ఒక్క క్షణం చూసి, కంకర బాట మీద మెల్లగా వెళ్ళిపోయింది.

తలుపు పక్కన మేకుకు ఓపల్ చేతిసంచి రెండేళ్ళుగా వేలాడుతోంది. ఆర్లిస్ దాన్ని దుమ్ము దులపడానికి కూడా ముట్టుకోలేదు. ఇవాళ దించాడు. లోపల ఒక దువ్వెన, రెండు పిప్పరమెంటు బిళ్ళలు. దాని తోలు పట్టీని రెండు కొసలా కత్తిరించి, ఒక కొసను మేవిస్ పిడికిలి పట్టేంత ఉచ్చుగా మడిచి, మైనం దారంతో కుట్టాడు. భుజం సలుపుతోంది. ఎడమ చెయ్యి కూడా బరువుగా అనిపించింది. కుట్టుపని మహిమ అనుకున్నాడు. ఇంకా కాస్త వెలుగుండగానే బయటికి వెళ్ళి, రెండో కొసను పందిరి పట్టీకి ముడివేసి, ఉచ్చు తలుపు పిడి ఎత్తుకు వచ్చేదాకా సరిచేశాడు. ఇక ఆమె మునివేళ్ళ మీద లేవక్కర్లేదు. కొక్కెం కర్ర తలుపుకు ఆనించి లోపలికి వెళ్ళి పడుకున్నాడు. చాలా రోజుల తర్వాత రేపటి కోసం తొందరగా ఉంది అతనికి.

ఏడింటికి మేవిస్ కప్పుతో వచ్చింది. ఆర్లిస్ బయట లేడు. కప్పు బల్ల మీద పెట్టి తలుపు తట్టింది. ఇంకోసారి తట్టింది. తాళం వేసే అలవాటు అతనికి లేదు. లోపల గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. బడి పిల్లలను లేపినట్టు పాదం పట్టుకుని లేపబోయింది. పాదం చల్లగా ఉంది.

పదింటికి రాయిస్ వచ్చేటప్పటికి ఆర్లిస్‌ను తీసుకుపోవడం కూడా అయిపోయింది. రాయిస్ టోపీ తీసి చేతిలో పట్టుకుని, చుట్టి ఉన్న పందిరివైపు చూశాడు.

"వద్దన్నాడు," అంది మేవిస్, పందిరి పట్టీకి వేలాడుతున్న తోలు ఉచ్చును పిడికిట్లో పట్టుకుని.

"మీతో చెప్పాడా అమ్మా?"

"చెప్పాడు."

ఆ రోజు పందిరి తెరవలేదు. దానికి ఇద్దరు కావాలి. తోలు ఉచ్చు మాత్రం ఆమె భుజం ఎత్తులో, ఆమె పిడికిలికి సరిపోయేంత, గాలికి కొద్దికొద్దిగా ఊగుతూ ఉంది.