సోమప్ప పట్టు

గంజిలో ముంచి నీడన ఆరబెట్టిన గుడ్డబిళ్లలు రెండింటినీ సోమప్ప మోకాలి మీద పరుచుకుని అరచేత్తో రుద్దుతున్నాడు. అవి సుంకమ్మ పాత చీర కొంగులోంచి గుండ్రంగా కత్తిరించినవి. రికార్డు ప్లేయరులో తిరిగే పళ్లేనికీ, దాని మీద పెట్టే ప్లేటుకూ మధ్య ఈ బిళ్ల వేస్తే, అడుగున పళ్లెం తిరుగుతూ ఉన్నా పైనున్న ప్లేటును ఒక్క వేలితో ఆపి ఉంచవచ్చు. బిళ్ల మెత్తబడితే ప్లేటు అతుక్కుంటుంది, మరీ బిరుసెక్కితే జారిపోతుంది. ఆ మధ్యస్థం ఎమ్మిగనూరు మొత్తం మీద సోమప్పకు తప్ప ఇంకో మైకుసెట్టువాడికి తెలియదు. తెలుసుకోవాలన్న ఆశా ఎవరికీ లేదనుకోండి. అది పంతొమ్మిది వందల ఎనభై తొమ్మిది. అందరూ క్యాసెట్లకు మారిపోయి ప్లేట్లను పాత సామాన్లవాడికి తూకానికి వేసేశారు.

ఎడమచెయ్యి మాత్రం ఈ పొద్దున మాట వినడం లేదు. మోచేతి నుంచి చిటికెనవేలి దాకా అది తనది కానట్టుంది. గుడ్డ మీద చెయ్యి ఆనిందో లేదో కళ్లతో చూసి తెలుసుకోవలసి వస్తోంది. సోమప్ప చేతిని రెండుసార్లు విదిలించి, భార్య చూడలేదు కదా అని గుమ్మం వైపు చూశాడు. సుంకమ్మ గుమ్మంలోనే నిలబడి ఉంది.

“డాక్టరు ఏమి సెప్పినాడు? కర్నూలు పెద్దాసుపత్రికి పొమ్మన్నాడా, లేదా?” అంది.

“పొమ్మన్నాడు.”

“బరువు ఎత్తొద్దన్నాడా?”

“అన్నాడు.”

“మరి పెట్టె కట్టుకోని యాడికి పోతాండావు?”

“ఆదోనికి. ఈపొద్దు ఆయుధపూజ. ఓబన్నకు మాటిచ్చినా. ఆట అయిపోతానే ఆణ్నుంచే కర్నూలు బస్సెక్కుదాం. బట్టలు మూట కట్టుకోని నువ్వు ఐదింటికి ఆదోని బస్టాండుకు రా.”

“గుండెకాయ ఐదింటి దాకా ఆగుతాదని రాసిచ్చినాడా డాక్టరు?”

సోమప్ప గుడ్డబిళ్లల్ని పెట్టెలో సర్దాడు. మొండివాడు రాజు కంటే బలవంతుడని ఆమెకు ముప్పై ఏళ్ల కాపురం నేర్పింది. లోపలికి పోయి జొన్నరొట్టె, శెనిక్కాయల పొడి తెచ్చి ముందర పెట్టింది. అతను సగం తిని లేచాడు.

సోమప్ప పొట్టి మనిషి. మగ్గం గుంటలో పెరిగినవాళ్లకు ఉండే వంగిన నడుము, చెవుల మీద నెరిసిన వెంట్రుకలు, నవ్వితే తప్ప కనబడని చిన్న కళ్లు. ఒంటికీ వేళ్లకూ పొంతన ఉండదు. వేళ్లు సన్నగా, పొడుగ్గా, ఎవరివో తెచ్చి పెట్టుకున్నట్టు ఉంటాయి. ఆ వేళ్లతో అతను ఇరవై ఏళ్లు పడుగులు అతికాడు. మగ్గం మీద పాత పడుగు అయిపోవచ్చినప్పుడు, కొత్త పడుగు పోగుల కొసల్ని పాత పోగుల కొసలకు ఒక్కొక్కటిగా మెలిపెట్టి అతకాలి. రెండు వేల పైచిలుకు పోగులు. నేసిన గుడ్డను నిమిరితే అతుకు వేలికి తగలకూడదు. తగిలిందంటే ఆ అతికినవాడిని మళ్లీ ఎవరూ పిలవరు.

చూపు మందగించాక మైకుసెట్టు కొన్నాడు గానీ, అతకడం మానలేదు. రెండు ప్లేయర్లు పక్కపక్కన పెట్టి, ఒకదాని మీద పాట నడుస్తుండగానే రెండోదాని మీద ఇంకో ప్లేటు వేసేవాడు. సూది దగ్గరికి చెవి వంచితే, లౌడుస్పీకరుతో పని లేకుండానే సూదిలోంచి పాట సన్నగా వినిపిస్తుంది. అట్లా వంగి, కళ్లు మూసుకుని, రెండో పాటలో దెబ్బ ఎక్కడ పడుతుందో పట్టుకుని, ప్లేటును అర చుట్టు వెనక్కి తిప్పి ఎడమ చూపుడువేలితో ఆపేవాడు. మొదటి పాట దరువు అక్కడికి రాగానే కుడిచేత్తో వాల్యూము తిప్పి దాని గొంతు నొక్కి, ఎడమ వేలు ఎత్తేవాడు. ఆడేవాళ్ల కాలు ఒక పాటలో లేచి ఇంకో పాటలో దిగేది. మధ్యలో ఏం జరిగిందో కాలికి తెలిసేది కాదు.

ఎనభై రెండు, ఎనభై మూడులలో డిస్కో గాలి వీచినప్పుడు ఎమ్మిగనూరు నేతగాళ్లూ, ఆదోని జిన్నింగు మిల్లుల కుర్రకారూ సోమప్ప యాడుంటే ఆడికి బస్సెక్కి పోయారు. వాళ్లకు పాటలతో పని లేదు, పాటలు ఎవరైనా వేస్తారు. అతుకు కావాలి. “క్యాసెట్టోడు ఒగ పాటను కోసి ఇంగొగటి పారేస్తాడు. సోమప్పన్న ఒగ పాట కడుపులోంచి ఇంగో పాట తీస్తాడు” అని వాళ్లలో ఒకడైన ఓబన్న ఇప్పటికీ టీ అంగట్లో పందెం కాస్తాడు.

ఇప్పుడు వాళ్లందరికీ పెళ్లిళ్లయి, పిల్లలు పుట్టి, పొట్టలు వచ్చాయి. అయినా తిరునాళ్లకో పెళ్లికో పోగై, ఆ పాత డిస్కో ప్లేట్లే వేయించుకుని, ఆ పాత గంతులే వేస్తారు. మోకాళ్లు మాత్రం కొత్తగా నొప్పి పుడతాయి.

మొన్న శ్రావణమాసంలో ఉరుకుంద తిరునాళ్లలో మొదటిసారి జరిగింది. మొదటి పాట గొంతు నొక్కాడు, ఎడమ వేలు లేవలేదు. లేపానని అనుకున్నాడు గానీ అది ప్లేటు అంచు మీదే ఉంది. ఒక గుక్కెడు కాలం నిశ్శబ్దం. గాల్లోకి లేచిన కాళ్లు అట్లాగే ఉండిపోయాయి. తర్వాత వేలు కదిలి పాట విరుచుకుపడింది. ఇన్నేళ్ల పేరు గంగలో కలిసిందనుకున్నాడు సోమప్ప. ఓబన్న మాత్రం ఎగిరొచ్చి కాళ్లకు దండం పెట్టాడు. “యాడ నేర్చినావన్నా ఈ పట్టు?” అన్నాడు.

అప్పటినుంచి అది సోమప్ప పట్టు. దేవనకొండ పెళ్లిలో మూడు లెక్కపెట్టేంత సేపు పట్టింది. చిప్పగిరిలో ఐదు. అభిమానులు ఇప్పుడు నిశ్శబ్దం పడగానే గాల్లో చెయ్యెత్తి, వేళ్లతో లెక్కపెడుతున్నారు. తా వలచింది రంభ, తా మునిగింది గంగ. చెయ్యి చచ్చుబడడం నానాటికీ పెరుగుతోంది, మెప్పూ దాంతో పాటే పెరుగుతోంది. సోమప్పకు సిగ్గేసింది. అబద్ధమెందుకు, సిగ్గుతో పాటు సంతోషమూ వేసింది. యాభై రెండేళ్ల వయసులో, ప్లేట్లు తూకానికి పోతున్న కాలంలో, కొత్తగా ఏదో కనిపెట్టాడని అనిపించుకోవడం ఎవరికి చేదు?

ఆదోని బస్టాండులో ఓబన్న కాచుకుని ఉన్నాడు. ఆట జరగబోయే జిన్నింగు మిల్లులో ఫిట్టరు. ఆనాటి బెల్‌బాటం ప్యాంటుకు నడుము దగ్గర వేరే రంగు గుడ్డ అతికించి తొడుక్కొచ్చాడు. బస్సు మీద నుంచి దిగిన ట్రంకుపెట్టె మీద చెయ్యి వేయబోతే సోమప్ప పక్కకు నెట్టాడు.

“ఇటియ్యన్నా, నేను ఎత్తుకుంటా.”

“ప్లేట్లుండాయప్పా. నా చెయ్యి తప్ప ఇంగొగ చెయ్యి పడలేదు వాటి మీద.”

అది అతని వ్రతం. తానే ఎత్తుకుని ఐదుచోట్ల దించుతూ, మూడుచోట్ల చెట్టు చూస్తున్నట్టు నిలబడుతూ మిల్లు దాకా నడిచాడు. మబ్బు పట్టి ఎండ లేదు. అయినా చొక్కా వీపుకు అంటుకుంది, ఆ చెమట చల్లగా ఉంది.

మిల్లు గేటు దగ్గర కుంకుమ నింపి పగలగొట్టిన గుమ్మడికాయ ముక్కలు ఎర్రగా పరుచుకుని ఉన్నాయి. యంత్రాలు కడిగి, విభూతి రాసి, బంతిపూలు కట్టారు. ఏడాది పొడుగునా ఊపిరాడనియ్యని మోత ఈ ఒక్కరోజు ఉండదు. మాట్లాడితే గోడలు తిరిగి పలుకుతున్నాయి. సోమప్పకు ఆ సద్దులేనితనం నచ్చలేదు. ముందురోజే పంపిన సెట్టు విప్పి, హారన్లు రెండూ పత్తి బేళ్లు కట్టే ప్రెస్సుగది పిట్టగోడకు కట్టించి, వేపచెట్టు కింద బల్ల వేయించుకుని, ప్లేయర్లు సర్దుకున్నాడు.

పుచ్చుపత్తి ఏరే ఆడవాళ్లు గోడ వెంబడి కూర్చుని ఉన్నారు. వాళ్లలోంచి దేవక్క చెంబుతో మజ్జిగ తెచ్చింది. నలభై ఐదేళ్ల మనిషి, భర్త పోయి నాలుగేళ్లయింది. డిస్కో ఆడదు గానీ, ప్రతి ఆటకూ వచ్చి తొడ మీద వేలితో దరువు వేసుకుంటూ వింటుంది. చెంబు అందించి కదల్లేదు.

“అన్నా, ఒగ మాట. నువ్వు పట్టేది కావల్లని పట్టేదా, చెయ్యి రాక పట్టేదా?”

సోమప్ప చుట్టూ చూశాడు. “నీకెట్ల తెలిసె?”

“మా ఇంటాయనకు పోయే ముందర బీడీ ఇట్లే జారిపోతాండె. వాళ్లంతా నీ చెయ్యి సూస్తాండారు. నేను మొగం సూస్తాండా.”

“సాయంత్రం కర్నూలుకు పోతాండాను తల్లీ. ఎవరికీ సెప్పొద్దు.”

“సెప్తే ఏమైతాది?”

సోమప్ప చెంబు కింద పెట్టాడు. “రెండు నెల్లనుంచి మేము చప్పట్లు కొట్టింది ఆయన రోగానికా అనుకుంటారు. వాళ్లకూ బాగుండదు, నాకూ బాగుండదు.”

దేవక్క వెళ్లింది గానీ ఆ మాట వెళ్లలేదు. దాచిపెట్టి ఏం బావుకుంటాను, మైకులో చెప్పేస్తే సరి, అనుకున్నాడు. చెయ్యి బాగలేదప్పా, పట్టు లేదు ఏమీ లేదు, కర్నూలుకు పోయొచ్చి పాత పద్ధతిలో అతుకుతాను. అంతే కదా. మైకు చేతిలోకి తీసుకున్నాడు. ఈలోగా ఓబన్న వచ్చి దాన్ని లాక్కుని, “ఈపొద్దు సోమప్పన్న ఆఖరి పాటకు ఇరవై లెక్కపెట్టిందాక పడతాడు” అని ప్రకటించేశాడు. మిల్లంతా ఈలలు. సోమప్ప మొదటి ప్లేటు బయటికి తీసి తుడిచాడు.

నాలుగు గంటలకు మొదలైంది. మొదటి నాలుగు అతుకులూ అతను పాతరోజుల్లో అతికినట్టే అతికాడు. వేలు ఎట్లా వింటోందో అతనికే ఆశ్చర్యం. అంత నున్నగా తన జన్మలో అతకలేదు. బట్టతలల వాళ్లు, పొట్టల వాళ్లు ఒక పాటలోంచి ఇంకో పాటలోకి తెలియకుండా జారిపోయారు. గోడ దగ్గర దేవక్క వేలు తొడ మీద ఒక్క దెబ్బ కూడా తప్పలేదు. ఆమె అతని వైపు చూసి తల ఊపింది. అంతకు మించిన మెప్పు సోమప్ప ఎరగడు.

ఐదో పాట మొదలయ్యేసరికి వెనకనుంచి ఎవరో అరిచారు. “పట్టన్నా! పట్టు యాడ?” ఆ వెనకే పదిమంది అందుకున్నారు.

సోమప్పకు నవ్వూ వచ్చింది, కోపమూ వచ్చింది. ఆరో పాటకు కావాలనే నాలుగు లెక్కపెట్టి వదిలాడు. ఏడో పాటకు వదలాలనుకున్నప్పుడు వేలు వదల్లేదు. తొమ్మిది అయ్యింది. ఓబన్న చొక్కా విప్పి తిప్పుతున్నాడు. సోమప్పకు రొమ్ములోంచి నొప్పి ఎడమ దవడలోకి పాకింది. నాలుగూ నలభై. ఇంకొక్క పాట. బస్టాండులో సుంకమ్మ దిగే ఉంటుంది.

ఆఖరి ప్లేటు పెట్టాడు. ఎనభై రెండులో మొట్టమొదట కొన్న డిస్కో ప్లేటు. సూది దించి, చెవి వంచి, కళ్లు మూసుకున్నాడు. సన్నగా లోపల పాట. దెబ్బ దొరికింది. అర చుట్టు వెనక్కి తిప్పి వేలు ఆనించాడు. కుడిచేత్తో కొత్త పాట గొంతు తెరిచి, పాత పాట గొంతు నొక్కాడు.

నిశ్శబ్దం పడింది. హారన్లలో గుయ్యిమని సన్నటి రొద మాత్రం ఉంది.

గాల్లో వేళ్లు లేచాయి. ఒకటి, రెండు, మూడు. పది దాకా నవ్వుతూ లెక్కపెట్టారు. పదిహేనుకు నవ్వులు ఆగాయి. సోమప్ప ఎప్పటిలాగే ప్లేటు మీదికి వంగి, కళ్లు మూసుకుని, చెవి సూది దగ్గర పెట్టి ఉన్నాడు. ఇరవై. ఓబన్న చెయ్యెత్తి అందరినీ ఊరుకోమని సైగ చేశాడు. ముప్పై. ఎవరూ కాలు కదపలేదు, దగ్గలేదు. “ఏమి పడతాండాడప్పా” అని ఓబన్న గొంతులోనే గొణిగాడు. వాడి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇటువంటిది మళ్లీ చూడబోమని వాడికి తెలిసింది.

నలభై దాటాక దేవక్క గోడ దగ్గరనుంచి లేచింది. ఆడేవాళ్లను తోసుకుంటూ బల్ల దగ్గరికి వచ్చింది. సోమప్ప ముఖం చూసింది. భుజం మీద చెయ్యి వేసింది. తర్వాత, నిద్రపోతున్న బిడ్డ చేతిని తీసినంత మెల్లగా, అతని ఎడమచేతిని ప్లేటు మీది నుంచి ఎత్తింది.

పాట అందుకుంది.

దరువు ఎక్కడ పడాలో అక్కడే పడింది. వెనకవాళ్లకు ఏమీ కనబడలేదు, ఒక్కసారిగా కేకలు పెట్టి ఎగిరారు. ముందున్నవాళ్లు నిలబడిపోయారు. ఓబన్న రెండు గంతులు వేసి, దేవక్క ముఖం చూసి ఆగిపోయాడు. “అక్కా” అన్నాడు. ఆమె సోమప్ప తల కింద తన చెయ్యి పెట్టి నిలబడి ఉంది. “మీరు లెక్కపెట్టినప్పుడే పోయినాడప్పా” అంది.

హారన్లు పెద్దవి, బస్టాండు దాకా వినిపిస్తాయి. మూట పక్కన కూర్చున్న సుంకమ్మ, పాట ఆగగానే లేచి నిలబడింది. మళ్లీ మొదలవగానే స్థిమితపడి కూర్చుంది. ఇదే ఆఖరిదైతే ఐదింటికల్లా వచ్చేస్తాడు.

పాట ఆపడానికి ఎవరికీ చెయ్యి రాలేదు. ఆ ప్లేటు మీద ఇంకో చెయ్యి పడకూడదని అందరికీ తెలుసు. అది తిరుగుతూనే ఉంది. నల్లటి అంచు మీద అతని చూపుడువేలి తడిగుర్తు ఒకటి, చుట్టు చుట్టుకూ కొంచెం కొంచెం ఆరుతూ, దాంతో పాటే తిరుగుతోంది.