గుండె కుడిగది కొలత

షుగరు పరీక్షకు ముందు రెండు రోజులు అన్నం మానేసి, రిపోర్టు బాగొచ్చిందని స్వీట్లు పంచే మహానుభావులు మన ఇళ్ళలో తక్కువేం లేరు. పోశయ్యదీ అదే బాపతు. కాకపోతే అతను ఏమార్చబోయింది గుండెను.

పోశయ్య మల్లాపూర్‌లో రాళ్ళను పొడి చేసే మిల్లులో ఏళ్ళ తరబడి పనిచేస్తున్నాడు. ఆ దుమ్ముకు ఊపిరితిత్తులు పాడయ్యాయనీ, వాటిలోకి రక్తం తోయలేక గుండె కుడిగది సాగిందనీ చలికాలంలో తీసిన స్కానింగులో తేలింది. ఇంకా పెరిగితే మిల్లు మానాల్సిందేనని డాక్టర్ గీతిక కచ్చితంగా చెప్పింది. అతనికా ఇంకో పని రాదు. అందుకే, రోజుకొకటి వేసుకోవాల్సిన నీరు తీసే గోలీలను నిన్నటి నుంచి పూటకొకటి మింగి, గుక్కెడు నీళ్ళు ముట్టకుండా నాచారం ఆసుపత్రిలో స్కానింగు బల్లెక్కాడు. ఒంట్లో నీరు తగ్గితే గుండె కూడా తగ్గుతుందని అతని ఎత్తు. పాపం, ఆ ఎత్తు పారింది.

గీతిక అతని ఛాతీ మీద జెల్లీ రాసి, తెరపై గది అంచులు పట్టి కొలిచింది.

"ముక్కుతో ఒకసారి గట్టిగా పీల్చండి. నీళ్ళు బాగానే తాగుతున్నారా?"

"మస్తు తాగుతున్న మేడం," అన్నాడు, నాలుక పిడచకట్టుకుపోతున్నా.

"అయితే మందు బాగా పనిచేసినట్టే. గది తగ్గింది. ప్రస్తుతానికి పని మానక్కర్లేదు."

తలుపు దగ్గర నిలబడ్డ భార్య లక్ష్మీనర్సమ్మ కొంగుతో కళ్ళొత్తుకుంది. చలికాలం నుంచీ ఆ ఇల్లాలికి కంటిమీద కునుకు లేదు.

"ఇగ ఫికర్ లేదు. మన పిలగాడు తిరుపతికి ఫోన్ జేస్త," అంది.

"ఎందుకు?" అన్నాడు పోశయ్య.

"వాన్ని గూడ మిల్లుల పెట్టుకుంటనన్నడు మీ సేటు. నాయిన రిపోర్టు రానియ్యి బిడ్డా అని నేనే ఆపిన. గన్నేండ్లు జేసిన నీకే నయమైంది, వానికేమైతది?"

జెల్లీ తుడుచుకుంటున్న పోశయ్య చెయ్యి ఆగిపోయింది. కొడుకును ఆ దుమ్ములోకి తనే చెయ్యిపట్టి లాక్కుపోతున్నట్టు అనిపించింది.

"మేడం, నేను అబద్ధం జెప్పిన," అన్నాడు. గోలీల సంగతి, నీళ్ళ సంగతి తల వంచుకుని చెప్పేశాడు.

గీతిక కసురుకోలేదు. నీళ్ళ సీసా చేతికిచ్చి, గోలీలు రోజుకొకటే వేసుకోమని, నాలుగు రోజులాగి మళ్ళీ కొలుద్దామంది.

"మల్ల పెరిగిందని వస్తే?" అడిగింది లక్ష్మీనర్సమ్మ.

పోశయ్య నీళ్ళు తాగి మూతి తుడుచుకున్నాడు.

"రానియ్యే. ముందుగాల వానికి ఫోన్ జెయ్. మిల్లుకు పోవద్దని జెప్పు."