కలినోవ్‌లో ఆగని బండి

కలినోవ్ స్టేషన్‌లో ఆగే బండ్ల కంటే ఆగకుండా పోయేవే ఎక్కువ. ఆగని బండికైనా మర్యాద తప్పకూడదన్నది చెక్ రైల్వేవాళ్ల పాత అలవాటు. స్టేషన్ మాస్టర్ ఎర్రటోపీ పెట్టుకుని ప్లాట్‌ఫారం మీదికి రావాలి. చక్రాల్లోంచి పొగ వస్తోందేమో, తలుపేదైనా తెరుచుకుని ఉందేమో చూడాలి. చూసి, బండి నడిపే మనిషికి చెయ్యి ఊపాలి. ఆ మనిషి తిరిగి ఊపుతాడు. ఈ చెయ్యి ఊపడం ఏ రూల్సు పుస్తకంలోనూ లేదు. కానీ ఊపని డ్రైవరుకు పొగరుబోతని పేరొస్తుంది, ఒకసారి వచ్చాక ఆ పేరు రిటైరయ్యేదాకా వదలదు.

స్టేషన్ మాస్టర్ వ్లాస్తకు యాభై దాటింది. మొగుడు ఎప్పుడో పార్దుబిట్సె పట్నంలో ఇంకో ఆవిడతో కాపురం పెట్టాడు. స్టేషన్ మేడ మీద రెండు గదుల్లో ఆమె ఒక్కతే ఉంటుంది. మధ్యాహ్నం ఎక్స్‌ప్రెస్ నడిపే రాదిమ్‌కు పదకొండేళ్లుగా చెయ్యి ఊపుతోంది. బండి మలుపు తిరిగి స్టేషన్ దాటేలోపు ఆ మనిషి కనిపించేది ఒక్క క్షణం. అంత చిన్న క్షణంలోంచి ఆమె ఎంత పోగుచేసుకుందో చెబితే నవ్వుతారు. ఒక ఏడాది గడ్డం పెంచాడు, ఈస్టరుకు తీసేశాడు. తరవాత కళ్లజోడు వచ్చింది. ఒక చలికాలంలో వారం రోజులు నల్ల టై కట్టుకున్నాడు. పోయింది ఎవరో తెలియక ఆ వారమంతా ఆమెకు తిండి సయించలేదు.

మరి పలకరించొచ్చు కదా, నంబరు అడగొచ్చు కదా అంటారు మీరు. ఒడ్డున కూర్చుని ఎన్నైనా చెబుతాం. వాళ్లిద్దరి మధ్య ఉన్న దారల్లా రేడియో. అందులో పలికే ప్రతి ముక్కా రికార్డవుతుంది, పైగా లైను పొడుగునా ఉన్న స్టేషన్లన్నీ వింటాయి. కాబట్టి ఇన్నేళ్లలో వాళ్ల సంభాషణంతా ఇదే: "కలినోవ్, దారి ఖాళీయేనా?" "ఖాళీయే, వచ్చెయ్యండి." ఆ "వచ్చెయ్యండి" దగ్గర ఆమె గొంతు మెత్తబడుతుందని బొహుష్ అంటాడు. బొహుష్ ఒకప్పుడు అదే స్టేషన్‌లో పట్టాలు మార్చే పాయింట్స్‌మన్. ఇప్పుడు స్టేషన్ వెనక కుందేళ్లు పెంచుకుంటూ, వ్లాస్తను ఆటపట్టిస్తూ కాలక్షేపం చేస్తున్నాడు.

ఆ వసంతంలో ప్రాగ్ నుంచి తెల్లబండి వచ్చింది. ఒకటే పెట్టె, ముక్కు నిండా కెమెరాలు, తనంతట తాను నడుస్తుంది. యూరప్‌లో పది దేశాలవాళ్లు కలిసి చేస్తున్న పరిశోధనలో అదొక ముక్క. రోజూ అటూ ఇటూ తిరిగి, పట్టాల మీద ఏది మనిషో, ఏది జింకో, ఏది గాలికి ఎగిరొచ్చిన సంచో నేర్చుకుంటుంది. అది నేర్చుకున్నాక కలినోవ్ లాంటి చోట్ల ఎర్రటోపీ అక్కర్లేదని అందరికీ తెలుసు. ఆ సంగతి వ్లాస్తను అంతగా బాధించలేదు. ఎక్కడో ఒక కుర్చీ ఇస్తారు, కూర్చుంటుంది. ఆమెను బాధించింది వేరే. అత్యవసరమైతే బండిని ఆపడానికి డ్రైవరు సీట్లో ఒక మనిషి ఉండాలట. లైను బాగా తెలిసినవాడని రాదిమ్‌ను ఎక్స్‌ప్రెస్ నుంచి తీసి అందులో కూర్చోబెట్టారు. కూర్చున్న రోజు నుంచి అతను చెయ్యి ఊపడం మానేశాడు.

మొదటి రోజు చూసుకోలేదేమో అనుకుంది. రెండో రోజు ఇంకాస్త పైకెత్తి ఊపింది. మూడో రోజు టోపీ సర్దుకుని పెదాలకు కొంచెం రంగు కూడా వేసుకుంది. అద్దం మీద ఎండ తళుక్కుమంది, దాని వెనక మనిషి బొమ్మలా కూర్చున్నాడు, బండి వెళ్లిపోయింది.

"ఏంటమ్మాయ్, ముఖం అలా మాడ్చుకున్నావు?" అన్నాడు బొహుష్.

"ఎండ."

"ఎండ నిన్నా ఉందిగా. ఆ పెద్దమనిషికి ప్రాగ్ వాళ్ల పక్కన కూర్చునేసరికి కళ్లు నెత్తికెక్కాయిలే."

"నీ కుందేళ్లకు మేత వేశావా లేదా?"

ఆ మాటను కుందేళ్ల మీదికి తోసేసింది గానీ లోపల ఉడికిపోయింది. పదకొండేళ్లు రోజూ అందుకున్నదాన్ని ఒక్కసారిగా ఆపేస్తే, అది తనకు భోజనంతో సమానమని అప్పుడు తెలిసింది. మర్నాడు తెల్లబండి మలుపు తిరుగుతుండగానే టోపీ తీసి చేత్తో పట్టుకుంది. గుడ్డివాడికైనా కనబడాలన్నట్టు చెయ్యంతా గుండ్రంగా తిప్పి ఊపింది.

బండి కీచుమంటూ బ్రేకులు వేసింది. కాలిన ఇనుము వాసన కొడుతూ సరిగ్గా ఆమె ముందుకొచ్చి ఆగింది. కలినోవ్‌లో ఆ మనిషి ఆగడం అదే మొదటిసారి.

కిటికీ అద్దం దిగింది. రాదిమ్ తల బయటికి వచ్చింది, ముఖం పాలిపోయి ఉంది.

"ఏమైంది? ఎవరైనా పట్టాల మీద పడ్డారా?"

"ఎవరూ పడలేదు."

"మరి ఆపమన్నారు?"

"ఆపమనలేదు, పలకరించాను. పలకరించడం మీరు మర్చిపోతే నేనూ మర్చిపోవాలా?"

"నన్ను చేతులు మోకాళ్ల మీంచి తియ్యనివ్వడం లేదండీ. కదిలిస్తే నేను జోక్యం చేసుకున్నానని ఈ బండి రాసుకుంటుంది, ఆ ట్రిప్పు పాడవుతుంది." గొంతు తగ్గించి అన్నాడు, "తల ఊపుతూనే ఉన్నాను. రోజూ."

రేడియోలో విన్న గొంతు కంటే ఈ గొంతు ముతకగా, దగ్గరగా ఉంది. చెంప మీద చిన్న మచ్చ ఉంది. ఇన్నేళ్లలో అది ఆమెకు కనబడనే లేదు.

ఈలోపు వెనక తలుపు తెరుచుకుని, పరిశోధన చేసే ఇంజనీరు కమిల పరుగెత్తుకొచ్చింది. ముప్పై ఏళ్ల పిల్ల, చేతిలో కంప్యూటరు. "ప్రమాద సంకేతం ఎవరిచ్చారు?"

"ప్రమాదం లేదు, గిమాదం లేదు," అన్నాడు బొహుష్, గోడకు చేరబడి. "మా మేడమ్ గారు అలిగారు, అంతే."

పట్టాల పక్కన ఎవరైనా చెయ్యి గుండ్రంగా తిప్పితే అన్ని దేశాల్లోనూ ఒకటే అర్థం, బండి ఆపమని. మనిషికైతే ఎదుటివాడి ముఖం చూడగానే తేడా తెలుస్తుంది. కెమెరాకు తెలియలేదు. వ్లాస్త తల దించుకుని తిట్లకు సిద్ధపడింది, కమిల మాత్రం కుప్పిగంతులు వేసినంత పని చేసింది.

"మా ల్యాబులో ఎవరికీ తట్టలేదండీ ఇది! రోడ్డు మీద పిల్లలు ఊపుతారు, స్టేషన్‌లో చుట్టాలు ఊపుతారు, ప్రతిదానికీ ఆగితే ఇంక బండి నడిచినట్టే. మీరు మాకు సాయం చెయ్యాలి. ఈ వారమంతా ప్రతి ట్రిప్పుకీ పలకరించండి. టోపీతో, టోపీ లేకుండా, మీ ఇష్టం. ఇది పలకరింపని దానికి నేర్పుదాం."

"నేర్చుకునేదాకా?"

"నేర్చుకునేదాకా ఆగుతూనే ఉంటుంది."

వ్లాస్త ఒప్పుకుంది. ఎందుకు ఒప్పుకుందో నేను చెప్పక్కర్లేదు.

అలా మొదలైంది ఆ వారం. ఆమె అలాగే చెయ్యి తిప్పి ఊపుతుంది, బండి ఆగుతుంది, కమిల వాళ్లు బండి వెనక భాగంలో లెక్కలు సరిచేసుకుంటారు. రాదిమ్ సీటు వదిలి దిగకూడదు, ఆమె ప్లాట్‌ఫారం వదిలి పోకూడదు. ఇద్దరి మధ్యా ఒక కిటికీ. మెడ నొప్పి పుడుతోందని ఆమె బొహుష్ దగ్గర చెక్కపెట్టె తెచ్చి వేసుకుని దాని మీద నిలబడింది.

"ఆ నల్ల టై ఎవరి కోసం?" మొదటి రోజే అడిగేసింది.

"మా అమ్మ పోయింది. మీరు చూశారా?"

"చూశాను. మీ ఇంట్లో ఆవిడేమో అనుకున్నా."

"మా ఇంట్లో ఆవిడ ఎవరూ లేరు." అతను కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "మీరు రెండేళ్ల కిందట జుట్టు కత్తిరించుకున్నారు. నాకు నచ్చలేదు."

"నాకూ నచ్చలేదు. అంత దూరం నుంచి జుట్టు చూశారా, సిగ్నళ్లు చూశారా?"

"సిగ్నళ్లు ఎక్కడికి పోతాయండీ, అక్కడే ఉంటాయి."

ఆమె ప్లమ్ పళ్లు పెట్టిన తియ్యటి రొట్టెలు, కొలాచ్‌లు చేసి అందించింది. అతను రెండు తిని, మూడోది రుమాల్లో చుట్టుకున్నాడు. పుట్టగొడుగులు ఏ అడవిలో ఎక్కువగా దొరుకుతాయో ఎవరికీ చెప్పనిది ఆమెకు చెప్పాడు. మా చెక్ వాళ్లలో అంతకు మించిన నమ్మకం లేదు. ఆ వారంలో వ్లాస్త పాత్రలు తోముతూ పాడుతుంటే విన్నానని బొహుష్ ఊరంతా చాటింపు వేశాడు.

కానీ బండి నేర్చుకుంటోంది. బుధవారానికి బ్రేకు ముందున్నంత గట్టిగా పడటం లేదు, ఆగినా ఎక్కువసేపు ఆగడం లేదు. వెనక నుంచి కమిల వాళ్ల నవ్వులు వినిపిస్తున్నాయి. ఆ రోజు రాదిమ్ కొలాచ్ ముట్టుకోలేదు.

"ఆస్ట్రియాలో కొత్త కేంద్రం పెట్టారట. అక్కడికొచ్చి ఇలాంటి బండ్లలో కూర్చునేవాళ్లకు పని నేర్పమంటున్నారు. శుక్రవారం సాయంత్రంలోగా చెప్పమన్నారు."

"వెళ్తే... మళ్లీ?"

"మళ్లీ ఏముంది. అక్కడే."

అతను కిటికీలోంచి ఇంకాస్త ముందుకు వంగాడు. ఏదో వింటాననే ఆశ ముఖంలో అచ్చంగా కనబడుతోంది. వెళ్లొద్దు అన్న ఒక్క మాట వ్లాస్త నాలుక చివర దాకా వచ్చింది. దాని బదులు ఆమె నోటి నుంచి ఏం వచ్చిందంటే, "జీతం బాగుంటుందేమో."

"బాగుంటుందట," అని అతను వెనక్కి జరిగి కూర్చున్నాడు. బండి కదిలింది.

ఆ మాట అన్నందుకు ఆ సాయంత్రమంతా ఆమె తనను తాను తిట్టుకుంటూనే ఉంది. జీతమట, జీతం! పదకొండేళ్లు ఆగి ఆగి అడిగిన ప్రశ్న అదా? ఒకసారి ఒక మనిషిని నమ్మి ఉండమని అడిగింది, ఆ మనిషి ఉండలేదు. అప్పటి నుంచి ఎవరినీ ఉండమని అడగడం ఆమెకు చేతకాలేదు. గురువారం అడుగుదామనుకుంది. గురువారం బండి ఆగలేదు, నడక వేగానికి తగ్గిందంతే. ఆమె పక్కనే గబగబా నడిచింది.

"మీరేమంటారు, వ్లాస్త గారూ?" అని అతనే అడిగాడు కిటికీలోంచి.

"ఏ విషయం?" అంది, తెలిసి తెలిసీ, ఊపిరి అందక. అతను జవాబు చెప్పేలోపు ప్లాట్‌ఫారం అయిపోయింది.

శుక్రవారం ఆఖరి ట్రిప్పు. ఇస్త్రీ చేసిన కోటు వేసుకుని, చెప్పాల్సిన మాటను లోపల వందసార్లు అనుకుంటూ ఆమె అంచు దగ్గర నిలబడింది. బండి కాస్త నెమ్మదించినా ఒక్క మాట విసరడానికి చాలు. తెల్లబండి మలుపు తిరిగింది. ఆమె చెయ్యి ఊపింది.

బండి వేగం తగ్గించలేదు. ఆమెను చూసింది, పలకరిస్తోందని గుర్తుపట్టింది, పోతూనే ఉంది. మోకాళ్ల మీద చేతులు పెట్టుకున్న రాదిమ్ ఆమె వైపు మెడ తిప్పాడు, అతని కళ్లు ఆమెను దాటి వెళ్లిపోయాయి. బండి వెనక భాగంలో చప్పట్లు, కేకలు. కమిల కిటికీలోంచి బొటనవేలు చూపించి నవ్వింది. దుమ్ము లేచి సద్దుమణిగింది.

ఇన్నాళ్లూ తన కోసం ఆగిన బండికి ఇక ఆగొద్దని తానే నేర్పింది. రోజుకిన్నిసార్లని ఊపి ఊపి, ఓపిగ్గా నేర్పింది. ఆ మనిషి కావాలని ఆమెకు ఎంతగా ఉందంటే, ఎత్తిన చెయ్యి దించడం కూడా మర్చిపోయింది.

"దించమ్మాయ్, పోయింది," అన్నాడు బొహుష్. ఈసారి ఆటపట్టించలేదు.

ఆమె టోపీ తీసి అతని చేతిలో పెట్టి, ఆఫీసు గదిలోకి వెళ్లి రేడియో అందుకుంది.

"తెల్లబండీ, కలినోవ్ మాట్లాడుతున్నాను."

"తెల్లబండి. చెప్పండి, కలినోవ్."

"మీకొక ఆజ్ఞ."

రైల్వే రేడియోలో ఆజ్ఞ అంటే సామాన్యం కాదు. విన్నవాళ్లు దాన్ని తు.చ. తప్పకుండా తిరిగి చెప్పాలి. సరిగ్గా చెబితే ఇచ్చినవాళ్లు "సరి" అనాలి. అప్పుడే అది అమల్లోకి వస్తుంది. లైను మీద మిగతా స్టేషన్లన్నీ మాటలు ఆపేశాయి.

"వింటున్నాను," అన్నాడు రాదిమ్.

"వెళ్లొద్దు," అంది వ్లాస్త. "ఆస్ట్రియా వెళ్లొద్దు. ఇక్కడే ఉండాలి."

రేడియో గరగరలాడింది.

"కలినోవ్ ఆజ్ఞ," అన్నాడు చివరికి, దారి ఖాళీయేనా అని అడిగే ఆ పాత గొంతుతోనే. "వెళ్లొద్దు. ఆస్ట్రియా వెళ్లొద్దు. ఇక్కడే ఉండాలి."

రూలు ప్రకారం తిరిగి చెప్పాడా, మనసులోంచి చెప్పాడా, ఆమెకు అంతుపట్టలేదు. రూలు ప్రకారం ఇప్పుడు తాను మాట్లాడాలి. నోరు తెరిస్తే ఏడుపు వచ్చేలా ఉంది.

"కలినోవ్?" అన్నాడు. మళ్లీ గరగర. తరవాత, లైనంతా వింటుండగా, ఆ కిటికీలోంచి వినబడిన ముతక గొంతుతో, "వ్లాస్తా. సరి అను. నువ్వు అనకపోతే అది చెల్లదు."

"సరి," అంది వ్లాస్త.